కొట్టేసిన మైనస్ గుర్తు

ఆ నోటు పుస్తకంలో ఒక పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. "ప్లస్ 12 తీగ మీద మైనస్ 0.6" అని నీలి సిరాతో రాసి ఉంది. తర్వాతెప్పుడో మరో చెయ్యి ఆ మైనస్ గుర్తును ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "మీటరు తీగలు తిరగేసి పెట్టారు" అని రాసింది.

పుస్తకం గాజువాక వైపు ఉండే ఒక లారీ కాటాది. విశాఖ రేవులో బొగ్గు ఎత్తుకొచ్చిన లారీలను తూచే కాటా. ఈ రాతలు 1994లో రాసినవి. కాటా డిజిటల్‌కి మారాక మూలన పడ్డ పవర్ సప్లై పెట్టెనూ ఈ పుస్తకాన్నీ అక్కడ పనిచేసిన పెద్దాయన నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. "పొద్దున్న బాగానే ఉండేది బాబూ. సాయంకాలం కరెంటు పోయొచ్చిందంటే ఇంక లెగదు. ఎందుకో ఒక్కడూ చెప్పలేదు" అన్నాడు.

కాటా కింద ఉండే లోడ్ సెల్ 10 వోల్టులు ఇస్తే నిండు బరువుకు కూడా 20 మిల్లీవోల్టుల దాకానే తిరిగి ఇస్తుంది. దాన్ని పెంచడానికి 741 ఆప్‌యాంప్‌లు వాడారు. ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో డేవ్ ఫుల్లాగర్ 1968లో రూపొందించిన చిప్ అది. సున్నాకు అటూ ఇటూ కదిలే సంకేతాన్ని పట్టాలంటే దానికి ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి, నడుమ గ్రౌండ్ కావాలి. అందుకే పెట్టెలో 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, రెండు పెద్ద కండెన్సర్లు, ప్లస్ వైపు 7812 రెగ్యులేటర్, మైనస్ వైపు 7912.

మొదట నేనూ సాయంకాలపు తక్కువ వోల్టేజీనే అనుమానించాను. లెక్క వేస్తే నిలవలేదు. 230 బదులు 190 వోల్టులే వచ్చినా సెకండరీలో 12.4 వస్తుంది. దాని శిఖరం 17.5. డయోడులో 0.7, అలల్లో ఒకటి పైచిలుకు పోయినా 15.5 మిగులుతుంది. 7812కి 14 చాలు. పైగా వోల్టేజీ చాలకపోతే అవుట్‌పుట్ తగ్గుతుంది, స్పీకర్లో హమ్ లాంటి అలలు వస్తాయి. సున్నా కిందికి పోదు.

రెండో అనుమానం అభ్రకం రేకు మీద. రెండు రెగ్యులేటర్లనూ ఒకే అల్యూమినియం పలకకు బిగించారు. 7812 వీపు గ్రౌండ్, కానీ 7912 వీపు దాని ఇన్‌పుట్; రెండూ కలవకుండా నడుమ అభ్రకం రేకు పెడతారు. చూడ్డానికి కవలల్లా ఉంటాయి గానీ కాళ్ల వరస కూడా వేరు. కొత్తగా చేసేవాళ్లు ఎంతమంది ఇక్కడ చిప్పులు కాల్చుకున్నారో! ఉప్పుగాలికి ఆ రేకు పాడై ఉంటే షార్ట్ అయి ఫ్యూజు పోవాలి. పుస్తకంలో ఫ్యూజు పోయిన ఊసే లేదు. రేకులు విప్పి చూశాను, చెక్కుచెదరలేదు.

ఇక మిగిలింది పుస్తకమే. నీలి సిరా మనిషి ఎంత శ్రద్ధగా చూశాడో చదివేకొద్దీ తెలిసింది. జనవరిలో ఒక వాక్యం: "ప్లస్ వైపు 2200 కండెన్సర్ ఉబ్బింది. దొరకలేదు, 4700 వేశాను." ఏప్రిల్‌లో: "సాయంత్రం ప్లస్ రాలేదు. 7812 మార్చాను. వచ్చింది." మూడు రోజులకు మళ్లీ అదే. మూడు 7812లు మారాయి. ఆపైన: "లోడు తీగ పీకితే రెండూ వస్తున్నాయి." ఇంకో చోట: "ఆపి వెంటనే వేస్తే ఒక్కోసారి వస్తోంది. రానప్పుడు బల్బు మసగ్గా వెలుగుతోంది."

ఏ బల్బు? పెట్టె ముందున్న ఎర్ర పైలట్ బల్బు 24 వోల్టులది, 5 వాట్లది. దాని తీగల వెంట వేలు పెట్టుకుంటూ పోయాను. గ్రౌండ్‌కి పోవడం లేదు. ప్లస్ 12కీ మైనస్ 12కీ మధ్య కట్టారు! 24 వోల్టులు తేరగా దొరుకుతున్నాయి కదా అనుకుని ఉంటారు.

అక్కడితో ముడి వదులైంది. ప్లస్ వైపు కండెన్సర్ రెట్టింపు కన్నా పెద్దది, కాబట్టి నిండడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఏప్రిల్ సాయంత్రాల తక్కువ వోల్టేజీలో ఇంకా ఆలస్యం. ఈలోగా 7912 ముందే లేచి మైనస్ 12 ఇచ్చేస్తుంది. చల్లారిన ఫిలమెంటు నిరోధం, వేడెక్కినప్పటి దానిలో చిన్న వంతు. ఆ బల్బు గుండా మైనస్ తీగ ప్లస్ తీగను గ్రౌండ్ కిందికి లాగుతుంది. 7812 చిప్పు పునాది సిలికాన్ గ్రౌండ్‌కే అంటి ఉంటుంది. అవుట్‌పుట్ దానికన్నా కిందికి పోగానే, ఎప్పుడూ మూసుకుని ఉండాల్సిన లోపలి సంధి తెరుచుకుంటుంది. సిలికాన్ సంధి తెరుచుకుంటే కనిపించే వోల్టేజీ సుమారు 0.6. ఆ స్థితిలో రెగ్యులేటర్ లేవలేక ఇరుక్కుపోతుంది. బల్బుకు సగం వోల్టేజీయే అందుతుంది, అందుకే మసక. వెంటనే ఆపి వేస్తే ఫిలమెంటు ఇంకా వెచ్చగానే ఉంటుంది, అంతగా లాగదు.

అంటే ఆ మైనస్ నిజం. నీలి సిరా మనిషి మీటరు సరిగ్గానే పెట్టాడు. జరగదనుకున్నది కనిపించిందని ఎవరో దాన్ని కొట్టేశారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

డిమ్మర్‌స్టాట్ తెచ్చి 190 వోల్టులకు తిప్పి, బల్బు పూర్తిగా చల్లారనిచ్చి స్విచ్ వేశాను. మీటరు మీద మైనస్ 0.63. నల్ల తీగ నల్ల చోటే, ఎర్ర తీగ ఎర్ర చోటే ఉంది. రెండుసార్లు చూసుకున్నాను.

మందు రెండు డయోడులు. గ్రౌండ్ నుంచి ప్లస్ తీగ వైపు కరెంటు పోనిచ్చేలా ఒకటి, మైనస్ తీగ నుంచి గ్రౌండ్ వైపు పోనిచ్చేలా ఒకటి. సప్లై సవ్యంగా ఉన్నంతసేపూ రెండూ మూసుకునే ఉంటాయి. మామూలుగా 1ఎన్4001 వేస్తారు. చిప్పు లోపలి సంధి తెరుచుకోకముందే కరెంటును పక్కకు లాగాలని నేను షాట్కీ రకం 1ఎన్5819 వేశాను. కండెన్సర్లు రెండూ మళ్లీ 2200 చేశాను. బల్బును మాత్రం ఉన్న చోటే వదిలేశాను, పరీక్ష దానికే కదా. చల్లార్చి ఇరవైసార్లు వేస్తే ఇరవైసార్లూ ప్లస్ 12 వచ్చింది.

పెట్టె అడుగున అగ్గిపెట్టెలో మూడు 7812లు చుట్టి దాచి ఉన్నాయి, మార్చి తీసేసినవి. ఒక్కొక్కటే బల్ల మీద పరీక్షించాను. మూడూ బాగున్నాయి. వాటిలో ఒకటి తీసి పెట్టెలో బిగించి, పెద్దాయనకు కబురు పెట్టాను.