వాటర్‌షెడ్ ప్రణాళిక, బడ్జెట్

ఒక వాగులోకి వాన నీరు చేరే ప్రాంతాన్నంతటినీ ఒకే యూనిట్‌గా తీసుకుని, కోతకు గురై సారం కోల్పోయిన మెట్ట భూములను మళ్లీ పచ్చబరిచేందుకు వేసుకునే పనుల క్రమం, ఖర్చుల అంచనా. భారతదేశంలో దీనికి నేటి రూపం రావడానికి దారి చూపింది తెలుగు ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ. దాని 1994 నివేదిక ఆధారంగా తయారైన మార్గదర్శకాలు 1995 ఏప్రిల్ నుంచి అమలయ్యాయి. సుమారు 500 హెక్టార్ల వాటర్‌షెడ్‌కు హెక్టారుకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చి, ఖర్చుపెట్టే అధికారాన్ని ఊరి కమిటీకే అప్పగించడం అప్పటికి పెద్ద మార్పు. 2008 ఉమ్మడి మార్గదర్శకాలతో ఈ మొత్తం మైదాన ప్రాంతాల్లో 12,000 అయింది. 2021లో మొదలైన దశలో 22,000కు చేరింది.

నీటి లెక్క

హెక్టారు నేల మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల నీరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం ప్రాంతంలో ప్రతి హెక్టారు మీదా దాదాపు 55 లక్షల లీటర్లు కురుస్తాయన్నమాట. అయితే అందులో ఎక్కువ భాగం కొద్ది రోజుల్లోనే కుంభవృష్టిగా పడి, పైమట్టిని వెంటబెట్టుకుని వంకల్లోకి పోతుంది. అందుకే పనులు గుట్ట మీద మొదలై వాగు దగ్గర ముగియాలి. మొదట వాలులో కాంటూరు కందకాలు, రాతి కట్టలు, వంకల్లో రాళ్ల అడ్డుకట్టలు. తర్వాత చేలల్లో గట్లు, నీటికుంటలు. ఆఖరున ఊటకుంటలు, చెక్‌డ్యాంలు. కంటికి ఆనుతుంది కాబట్టి చెక్‌డ్యామే ముందు కావాలని ఒత్తిడి వస్తుంది. అలా ముందే కడితే పైవాలు ఆపని మట్టి దానిలో చేరి, కొద్ది వానాకాలాలకే అది పూడిపోతుంది.

డబ్బు పంపకం

5,000 హెక్టార్ల ప్రాజెక్టుకు 2008 నాటి 12,000 లెక్కన 6 కోట్లు వచ్చేవి. 2011లో సవరించిన వాటాల ప్రకారం 56 శాతం, అంటే 3.36 కోట్లు, నేల, నీటి పనులకు వెళ్లేది. ఊరివాళ్లంతా కోరే ఒక పనిని ముందుగా చేసి నమ్మకం సంపాదించడానికి 4 శాతం, సంఘాలకూ శిక్షణకూ 5 శాతం, సవివర ప్రాజెక్టు నివేదికకు 1 శాతం, పాలనా ఖర్చులకు 10 శాతం, పంట ఉత్పత్తి, చిన్న వ్యాపారాలకు మరో 10 శాతం కేటాయించేవారు.

భూమిలేని వారి జీవనోపాధికి పెట్టిన 9 శాతం మీద వీటన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. గుట్ట మీద మేపు ఆపితే మొదట నష్టపోయేది మేకలు, గొర్రెలు కాసుకునే కుటుంబాలు. గట్ల వల్ల లాభం పొలమున్న రైతుకు, మేపు మానుకున్న నష్టం పొలంలేని వాడికి అన్నట్టుగా బడ్జెట్ ఉంటే అది అన్యాయం. మేపు ఆపడానికి వేసిన కంచె నిలవదు కూడా. 6 కోట్లలో 9 శాతమైన ఈ 54 లక్షలు కంచె వేయకముందే, మేత ఏర్పాటుతో సహా, ఆ ఇళ్లకు చేరాలి.

చెట్ల ఖర్చు

మొక్క ధర, గుంత కూలి మాత్రమే రాసిన అంచనా మొదటి వేసవికే తలకిందులవుతుంది. హెక్టారులో 400 మొక్కలుంటే, మొక్కకు 20 లీటర్ల చొప్పున ఒక్క తడికే 8,000 లీటర్లు కావాలి. ట్యాంకరు, కాపలా, చచ్చినచోట తిరిగి నాటడం కనీసం మూడేళ్ల పద్దులో ఉండాలి. ఇక్కడ ఉపాధి హామీ పథకం పనిదినాలను కలుపుకోవచ్చు.

నాటక్కర్లేని చోట్లూ ఉన్నాయి. నేలలో వేళ్లు బతికే ఉంటే మొదళ్ల నుంచి వచ్చే చిగుళ్లలో బలమైనవి ఉంచి, మిగతావి కత్తిరించి, పశువుల నుంచి కాపాడితే చాలు. 1983 నుంచి వ్యవసాయ నిపుణుడు టోనీ రినాడో నైజర్ దేశపు మరాది ప్రాంతంలో రైతులతో మొదలుపెట్టిన ఈ పద్ధతి రెండు దశాబ్దాల్లో సుమారు 50 లక్షల హెక్టార్లకు పాకింది. అనంతపురం ప్రాంతంలోని చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో 32 ఎకరాలతో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా మంటలు, మేపు అరికట్టి నేలను తేరుకోనిచ్చింది. కాబట్టి నర్సరీకి ఆర్డరు ఇచ్చేముందు గుట్ట మీద బతికున్న మొదళ్లను లెక్కించాలి.

ప్రాజెక్టు ముగిశాక

సొంత పొలంలో జరిగే పనుల ఖర్చులో రైతు 10 శాతం, ఎస్సీ, ఎస్టీ, చిన్న, సన్నకారు రైతులైతే 5 శాతం వాటా ఇవ్వాలని 2008 మార్గదర్శకాలు చెప్పాయి. అది వాటర్‌షెడ్ అభివృద్ధి నిధిలో జమై, అధికారులు వెళ్లిపోయాక ఉమ్మడి స్థలాల్లోని కట్టడాల మరమ్మతుకు పనికొస్తుంది. ఏ కట్టకు ఏ సంఘం బాధ్యత వహించాలి, పూడిక ఎప్పుడు తీయాలి, ఈ నిధి నుంచి ఎంత తీసుకోవచ్చు అన్నవి మొదట్లో తయారుచేసే సవివర ప్రాజెక్టు నివేదికలోనే, గ్రామసభ ఆమోదంతో రాసుకోవాలి.