పాత డీఎస్‌ఎల్‌ఆర్, కొత్త జేబు కెమెరా: కోల్‌కతా రాత్రుల్లో ఏది పనికొస్తుంది?

దుర్గా పూజ చూడడానికి కోల్‌కతా టికెట్లు తీసుకున్న ఇళ్లలో ఒక చర్చ తప్పకుండా జరుగుతుంది. ఎప్పుడో మోజుపడి కొన్న డీఎస్‌ఎల్‌ఆర్ అల్మారాలో ఉంది. దాన్ని మోసుకెళ్లాలా? లేక అమ్మేసి, జేబులో పట్టే మంచి కెమెరా ఒకటి కొనుక్కోవాలా? దుకాణదారు కొత్తదే మేలంటాడు. ఫొటోలు తీయడం తెలిసిన బంధువు మాత్రం పాతదాని సెన్సర్ పెద్దది కాబట్టి దాన్ని వదులుకోవద్దంటాడు. ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం ఉంది. మిగతా సగం ఆ కెమెరాకు ఏ లెన్స్ తగిలించి ఉందో చూస్తే తెలుస్తుంది.

మాటలు గాల్లో ఉండకుండా రెండు కెమెరాలను ఎదురెదురుగా పెడదాం. ఒకటి 2008 ఆగస్టులో వచ్చిన నికాన్ డీ90. 12.3 మెగాపిక్సెల్స్. డీఎస్‌ఎల్‌ఆర్‌లలో వీడియో తీయగలిగిన మొదటి కెమెరా ఇదే. మన దగ్గర పెళ్లి ఫొటోగ్రాఫర్ల నుంచి ఇంజినీరింగ్ విద్యార్థుల దాకా చాలామంది చేతుల్లో కనిపించింది. రెండోది 2014లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 త్రీ. 20.1 మెగాపిక్సెల్స్, బ్యాటరీతో కలిపి 290 గ్రాములు. డీ90కి దాంతోపాటు అమ్మిన 18-105 లెన్స్ తగిలిస్తే బరువు 1,100 గ్రాములు దాటుతుంది. పండల్ నుంచి పండల్‌కి ఏడెనిమిది గంటలు నడిచే రాత్రి ఆ తేడా ఏమిటో మెడకు తెలుస్తుంది.

బంధువు చెప్పిన సెన్సర్ సంగతి నిజమే. డీ90 సెన్సర్ సుమారు 23.6 మిల్లీమీటర్ల వెడల్పు, 15.8 మిల్లీమీటర్ల ఎత్తు. ఆర్‌ఎక్స్100 సెన్సర్ 13.2 వెడల్పు, 8.8 ఎత్తు. పేరుకు ‘ఒక అంగుళం’ సెన్సరే కానీ ఏ వైపు కొలిచినా అంగుళం ఉండదు. ఆ పేరు పాత టీవీ కెమెరా ట్యూబుల కాలం నుంచి వచ్చింది. వైశాల్యంలో డీ90ది మూడు రెట్ల కంటే కొంచెం ఎక్కువ. డీఎక్స్‌ఓ మార్క్ కొలతల్లోనూ తక్కువ వెలుతురు స్కోరు చిన్న కెమెరాకు డీ90తో పోలిస్తే దాదాపు సగమే వచ్చింది. ఇక్కడితో ఆగితే పాత కెమెరాదే గెలుపు.

కానీ సెన్సర్ గిన్నె లాంటిది మాత్రమే. అందులోకి వెలుతురు ఎంత పడుతుందో తేల్చేది లెన్స్ రంధ్రం. లెన్స్ మీద రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఆ రంధ్రం వ్యాసం వస్తుంది. డీ90 కిట్ లెన్స్ 18 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/3.5 వరకే తెరుచుకుంటుంది. అంటే 5.1 మిల్లీమీటర్ల రంధ్రం. ఆర్‌ఎక్స్100 త్రీ లెన్స్ 8.8 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్/1.8. భాగిస్తే 4.9 మిల్లీమీటర్లు. రెండూ దాదాపు సమానం. ఒక పండల్‌లో డీ90 కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ 1600, సెకనులో 30వ వంతు పెట్టాల్సి వస్తే, అదే షట్టర్ వేగంతో చిన్న కెమెరాకు ఐఎస్‌ఓ 400 చాలు. రెండు ఫొటోలనూ ఒకే సైజులో ప్రింట్ తీస్తే గరుకుదనంలో పెద్ద తేడా ఉండదు. పైగా చిన్నదాని సెన్సర్ ఆరేళ్లు కొత్తది, కాబట్టి కొద్దిపాటి మొగ్గు దానివైపే. కిట్ లెన్స్ తప్ప వేరే లెన్స్ లేని ఇంట్లో డీఎస్‌ఎల్‌ఆర్ మోయడానికి రాత్రి ఫొటోలు కారణం కాలేవు.

డీ90కి 35 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే లెక్క మారిపోతుంది. రంధ్రం 19 మిల్లీమీటర్లు దాటుతుంది. అదే దృశ్యాన్ని అంతే దగ్గరగా చూపించేలా ఆర్‌ఎక్స్100ను జూమ్ చేస్తే దాని రంధ్రం 7 మిల్లీమీటర్లలోపే. వ్యాసం దాదాపు మూడు రెట్లు ఎక్కువంటే వెలుతురు ఎనిమిది రెట్లు ఎక్కువ. సెన్సర్ కొత్తదనం ఈ తేడాను పూడ్చలేదు. పైగా అమ్మవారి ముఖం మాత్రమే స్పష్టంగా ఉండి, వెనక సీరియల్ బల్బులు మసకగా కరిగిపోయే ఫొటో కావాలంటే ఇంత పెద్ద రంధ్రం కావాల్సిందే. ఈ లెన్స్ 200 గ్రాములే. డీ90 బాడీలో ఫోకస్ మోటార్ ఉంది కాబట్టి, నికాన్ చవక డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఆటోఫోకస్ కాని పాత 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8డీ కూడా దీని మీద పనిచేస్తుంది. కొత్త కెమెరాకు పెట్టే డబ్బులో చిన్న భాగం ఇలాంటి పాత లెన్స్‌కు పెడితే అల్మారాలోని యంత్రం వేరే యంత్రం అవుతుంది.

కోల్‌కతాకు ఈ విషయం కొత్త కాదు. సత్యజిత్ రాయ్ సినిమాలకు రెండు దశాబ్దాలకు పైగా స్టిల్స్ తీసిన నిమాయ్ ఘోష్ అసలు నాటకాల నటుడు. ఎవరో టాక్సీలో మరిచిపోయిన కెమెరా ఒకటి ఆయన మిత్రుడి చేతికి వచ్చింది. ఆ మిత్రుడు ఘోష్‌కు 240 రూపాయల బాకీ. బాకీ కింద ఆ కెమెరానే తీసుకున్నారాయన. అది కానన్ తయారుచేసిన కానోనెట్ క్యూఎల్17. లెన్స్ మార్చడానికి వీల్లేని చిన్న కెమెరా. ‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’ షూటింగ్‌లో దానితోనే మొదలుపెట్టారు. ఆ పేరులోని 17 అంటే లెన్స్ ఎఫ్/1.7 వరకు తెరుచుకుంటుందని అర్థం. ఫ్లాష్ లేకుండా, సెట్‌లో ఉన్న వెలుతురుతోనే పని నడవడానికి ఆ అంకె కూడా ఒక కారణం. 1960ల నాటి ఆ చిన్న కెమెరా లెన్స్ రంధ్రం, ఇవాళ ఇళ్లలో ఉన్న కిట్ లెన్సులు వెడల్పు కోణంలో ఇచ్చే రంధ్రం కంటే ఎన్నో రెట్లు పెద్దది.

జేబు కెమెరాల్లోనూ పెద్ద సెన్సర్ ఉన్నవి వచ్చాయి. 2019 నాటి రికో జీఆర్ త్రీ బరువు 257 గ్రాములు, మందం 33 మిల్లీమీటర్లు. అందులోని సెన్సర్ డీ90 సెన్సరంతే. లెన్స్ ఎఫ్/2.8, రంధ్రం 6.5 మిల్లీమీటర్లు. సెన్సర్‌నే కదిలించి చేతి వణుకును సర్దే ఏర్పాటు ఉంది. కిట్ లెన్స్‌తో ఉన్న డీ90 దీని ముందు నిలవదు. అయితే జూమ్ లేదు, ఫ్లాష్ లేదు, కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ కూడా లేదు. మధ్యాహ్నం ఎండలో, హౌరా వంతెన పక్కనున్న మల్లిక్ ఘాట్ పూల బజారులో బంతిపూల బుట్టల మధ్య నిలబడి వెనక తెరను చూసి ఫ్రేమ్ పెట్టడం చిరాకు తెప్పిస్తుంది. అక్కడ డీఎస్‌ఎల్‌ఆర్ అద్దంలో కనిపించే నిజమైన దృశ్యానికి సాటి లేదు. ఆర్‌ఎక్స్100 త్రీలో పైకి లేచే చిన్న వ్యూఫైండర్ ఉంది, కానీ అది చిన్న తెరే.

కదిలే మనుషుల దగ్గర పాత కెమెరా ఇప్పటికీ పైచేయి చూపిస్తుంది. సాయంత్రం హారతి వేళ ధునుచి నాచ్ మొదలవుతుంది. నిప్పులు, సాంబ్రాణి ఉన్న మట్టి పాత్రలు పట్టుకుని ఢాక్ చప్పుడుకు తిరుగుతూ ఆడే నాట్యమిది. చుట్టూ పొగ. డీ90లో ఫోకస్ కోసం వేరే సెన్సర్ ఉంటుంది. విషయం ముందుకు జరిగిందో వెనక్కి జరిగిందో అది ఒక్క చూపులో చెప్పేస్తుంది. ఆర్‌ఎక్స్100 త్రీ మాత్రం లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరిపి, ఎక్కడ స్పష్టత ఎక్కువుందో వెతుక్కోవాలి. పొగలో ఆ వెతుకులాట పూర్తయ్యేలోపు నాట్యకత్తె ఇటు తిరిగి అటు వెళ్లిపోతుంది. డీ90లోనూ ఒక లోపం ఉంది. 11 ఫోకస్ బిందువుల్లో మధ్యది ఒక్కటే క్రాస్ రకం, చీకట్లో నమ్మదగింది అదొక్కటే. కదలకుండా నిలబడ్డ విగ్రహానికైతే పరిస్థితి తిరగబడుతుంది. చిన్న కెమెరా ఫొటో తీసే సెన్సర్ మీదే ఫోకస్ చూసుకుంటుంది కాబట్టి లెన్స్‌కూ బాడీకీ పొంతన కుదరక వచ్చే తప్పు ఉండదు. డీ90లో ఆ తప్పు వస్తే సరిచేసుకునే సదుపాయం మెనూలో లేదు.

దూరపు ఫొటోల సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. మనవైపు నుంచి వెళ్లే రైళ్లు ఖరగ్‌పూర్ దాటి హౌరా చేరేముందు సాంత్రాగాఛి మీదుగా పోతాయి. అక్కడి చెరువులో చలికాలం వేల బాతులు దిగుతాయి. వాటి కోసం వెళ్తే డీ90, 70-300 లెన్స్ పట్టుకెళ్లాలి. 70 మిల్లీమీటర్లకు సమానమైన చోట ఆగిపోయే జేబు కెమెరాతో చెరువూ, గుర్రపుడెక్కా మాత్రమే వస్తాయి.

కుమార్తులి సందుల్లో ఇంకో రకం తేడా. మట్టి, గడ్డి, వెదురు దబ్బల మధ్య ఒక మనిషి నడవడానికే చోటుండే దారులవి. మహాలయ రోజున విగ్రహానికి కళ్లు దిద్దే వేళ ఆ సందుల్లో కళాకారుల కంటే కెమెరాలే ఎక్కువ ఉంటాయన్నా పెద్ద అతిశయోక్తి కాదు. పెద్ద లెన్స్ ముఖం ముందు పెడితే పనిచేసుకునే మనిషి బిగుసుకుపోతాడు. డీఎస్‌ఎల్‌ఆర్ అద్దం లేచి పడే చప్పుడు రేకుల షెడ్డులో గట్టిగానే వినిపిస్తుంది. చిన్న కెమెరాల్లో షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది, చప్పుడు దాదాపు ఉండదు. అలాగని చిన్న కెమెరా అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. అడిగి తీయడం అడిగి తీయడమే. హౌరా వంతెన మీద ఫొటోలు తీయడం చాలాకాలంగా నిషిద్ధం. కెమెరా జేబులో పట్టినంత మాత్రాన ఆ నిబంధన మారదు.

ఈ నగరంలో కెమెరాకు అసలు శత్రువు వయసు కాదు, తేమ. వానాకాలంలో గాలిలో తేమ 80 శాతం దాటడం ఇక్కడ మామూలు విషయం. తేమ 60 శాతానికి పైన రోజుల తరబడి ఉంటే లెన్స్ లోపలి అద్దాల మీద ఫంగస్, అంటే బూజు, మొలకెత్తుతుంది. సాలెగూడు పోగుల్లా మొదలై, వదిలేస్తే అద్దం మీది పూతను తినేస్తుంది. ఆ తర్వాత తుడిచినా మచ్చ పోదు. విజయవాడ, విశాఖ, కాకినాడ వాళ్లకు ఇది తెలియని బాధ కాదు. తోలు సంచిలో పెట్టి చీకటి అల్మారాలో ఏళ్లపాటు ఉంచిన కెమెరాకు ఈ ప్రమాదం ఎక్కువ. కాబట్టి ప్రయాణానికి ముందు చేయాల్సిన మొదటి పని బ్యాటరీ చార్జింగ్ కాదు. లెన్స్ తీసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి లోపలికి చూడడం. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చవకైన తేమ మీటరు ఒకటి ఉంటే చాలు. ముల్లు 40-50 మధ్య ఉండాలి.

ఫంగస్ పట్టిన డీఎస్‌ఎల్‌ఆర్ లెన్స్‌ను పక్కన పడేసి ఇంకోటి తగిలించుకోవచ్చు. జేబు కెమెరాలో లెన్స్ పాడైతే కెమెరా పాడైనట్టే. ధూళి విషయంలోనూ అంతే. స్విచ్ వేసినప్పుడల్లా ముందుకొచ్చే లెన్స్ గొట్టం, వెనక్కి పోయేటప్పుడు చుట్టూ ఉన్న గాలినీ ధూళినీ లోపలికి పీల్చుకుంటుంది. దశమి నాడు స్త్రీలు ఒకరికొకరు కుంకుమ రాసుకునే సిందూర్ ఖేలాలో గాలి నిండా ఎర్రటి పొడే. డీ90 సెన్సర్ మీద పడ్డ ధూళిని గాలి బల్బుతో ఊది తీసేయవచ్చు. జీఆర్ లాంటి కెమెరాలో ఆ పనికి విప్పాల్సిందే, ఆ కెమెరాల మీద వాడకందార్లు తరచూ చేసే ఫిర్యాదు కూడా ఇదే. ఈ మూడింటిలో ఏదీ వానకు తట్టుకునేలా మూసి తయారుచేసినది కాదు. హోటల్ ఏసీ గదిలోంచి బయటికొస్తే ఏ కెమెరా అయినా చెమర్చుతుంది. బయల్దేరే ముందే జిప్ కవర్లో పెట్టి మూసి, వీధిలోకొచ్చాక పావుగంట ఆగి తీస్తే ఆ తడి కవరు మీదే పడుతుంది.

బ్యాటరీ విషయంలో పోటీయే లేదు. ఒక చార్జింగ్‌కు డీ90 సుమారు 850 ఫొటోలు ఇస్తుంది, ఆర్‌ఎక్స్100 త్రీ 320, జీఆర్ త్రీ 200. చిన్నదానికి రెండు బ్యాటరీలైనా అదనంగా ఉండాలి. వీడియోలో లెక్క తలకిందులు. డీ90 వీడియో 720పీ, క్లిప్ ఐదు నిమిషాలకే ఆగిపోతుంది, తీస్తున్నంతసేపూ ఆటోఫోకస్ ఉండదు. ఢాక్ వాయిద్యాన్ని వీడియోలో పట్టుకోవాలనుకునేవాళ్లు దాన్ని మరిచిపోవచ్చు. డీ90కి కొత్త కార్డు కొంటే 32 జీబీ మించకుండా చూసుకోవాలి, పెద్దవి దాని తరం తర్వాత వచ్చాయి. ఫొటోలను రా ఫైళ్లుగా తీస్తే, ఈమధ్య సాఫ్ట్‌వేర్లు గరుకుదనం తీసేసే తీరు వల్ల పాత కెమెరా ఐఎస్‌ఓ 3200 కూడా ఇప్పుడు వాడుకోదగ్గదే.

కొనాలన్నా అమ్మాలన్నా కోల్‌కతాలో దారి మెట్రో గలీకి పోతుంది. ఎస్‌ప్లనేడ్‌లో పాత మెట్రో సినిమా పక్క సందు, కెమెరా దుకాణాలకు పేరు. పాత డీ90 చూస్తే షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడగండి. లక్ష సార్లకు పరీక్షించిన షట్టర్ అది, 20 వేలు దాటని బాడీలు ఇప్పటికీ దొరకవచ్చు. పట్టుకునే చోట రబ్బరు ఉబ్బి ఊడుతోందేమో నొక్కి చూడండి, తేమ ఊళ్లలో తరచూ కనిపించే లక్షణమిది. జేబు కెమెరా అయితే పదిసార్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి. లెన్స్ బయటికొచ్చేటప్పుడు గరగర చప్పుడు చేసినా, ఒక్కసారి ఆగి మళ్లీ కదిలినా తిరిగి ఇచ్చేయండి. ఏ కెమెరా అయినా అపెర్చర్ ఎఫ్/11కో, ఎఫ్/16కో మూసి, దుకాణం బయటికొచ్చి ఆకాశాన్ని ఒక ఫొటో తీయండి. తెర మీద పెద్దది చేసి ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుపుతూ చూస్తే, లోపల చేరిన ధూళి నల్లటి చుక్కలుగా బయటపడుతుంది. చుక్కలుంటే డీఎస్‌ఎల్‌ఆర్‌కు కొంచెం బేరమాడి తీసుకోవచ్చు. జేబు కెమెరా అయితే పక్క దుకాణానికి వెళ్లండి.