చేలు మారు నేలసారము: ఆఫ్రికా చిన్నకమతములలో పోషకముల రాకపోకలు

పంటతోను చొప్పతోను తరలిపోవునవి, వానకోతకు కొట్టుకొనిపోవునవి, నీటివెంట లోతునకు ఇంకునవి, గాలిలో కలియునవి ఖర్చు క్రిందను; ఎరువును, పెంటయు, వానయు, ఒండ్రును, పప్పుజాతి పైరుల వేళ్ళు కూడబెట్టు నత్రజనియు జమ క్రిందను వ్రాసి, వర్తకుని చిట్టావలె నేల పోషకములను సరిచూచు పద్ధతిని సహారాకు దక్షిణమునగల 38 దేశములకు అన్వయించి, స్టూర్‌వోగెల్, స్మాలింగ్ అను డచ్చి శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిన ఫలితము నేటికిని కలవరము గొల్పుచున్నది. హెక్టారుకు ఏటేట సగటున 22 కిలోల నత్రజని, 2.5 కిలోల భాస్వరము, 15 కిలోల పొటాషియము తరిగిపోవుచుండెనని వారు తేల్చిరి.

నైరుతి కెన్యాలోని కిసీ జిల్లాలో ఇట్టి లెక్కయే కట్టగా నత్రజని నష్టము 112 కిలోలు, పొటాషియము నష్టము 70 కిలోలు అయినది. కిసీ చవుడుసీమ కాదు. వానలు సమృద్ధిగా కురిసి, తేయాకు, కాఫీ, మొక్కజొన్న పండు కొండనేల. కలిమి యున్నచోటనే పోక అధికమైనదన్న మాట. భాస్వరము మాత్రము 3 కిలోలే పోయినది. ఆ ధాతువు నీటివెంట సులభముగా జారదు. అయినను, ఎఱ్ఱనేలలలోని ఇనుము, అల్యూమినియము సమ్మేళనములు దానిని బిగియబట్టుటచేత, నేలలో నున్న భాస్వరమైనను పైరునకు అందుట అరుదు.

ఈ సగటులు రైతు కంటికి కనబడు సత్యమును కప్పివేయుచున్నవని నా అభిప్రాయము. మిట్టచేను కోల్పోయిన మన్నులో కొంత పల్లపుచేనికి చేరును. ఒకే కుటుంబపు భూమిలోనైనను, పశువుల పెంట, పొయ్యి బూడిద, ఇంటి చెత్త గడప దాపున నున్న చేనికే దక్కును. గంపలు నెత్తిన మోయవలసిన దూరపుచేనికి చేరవు. ఆ దూరపుచేని చొప్పను మేసిన పశువు ఇంటి దొడ్డిలో పేడ వేయుటచేత, దాని సారము ఏటేట ఇంటి చేనికి తరలుచున్నది. జింబాబ్వేలోని మురేవా ప్రాంతపు ఇసుకనేలలలో ఈ తారతమ్యము స్పష్టముగా కనబడినది: ఇంటిచేను రసాయనిక ఎరువునకు చక్కగా స్పందింపగా, చివికిన దూరపుచేను ఎరువు వేసినను పండలేదు, పెక్కేండ్లు పెంట తోలినగాని అది కోలుకొనదు. 2006లో అబూజాలో ఆఫ్రికా దేశములవారు సమావేశమై, ఎరువు వాడుకను హెక్టారుకు 8 కిలోలనుండి 2015 నాటికి 50 కిలోలకు పెంచవలెనని తీర్మానించిరి. ఉద్దేశము ఉచితమే, కాని ఏ చేనికి ఎంత అను ప్రశ్న ఆ సంఖ్యలో ఇమడదు.

ఆ ప్రశ్నకు ఒక సమాధానము నైజరు దేశపు ఇసుకలలో లభించినది. మన పటాన్‌చెరువున కేంద్రస్థానము గల ఇక్రిశాట్ సంస్థ తన సదోరే క్షేత్రమునను, చుట్టుపట్ల గ్రామములందును, ఎరువును చేనెల్ల చల్లక, సజ్జ కుదురు కుదురునకు వ్రేళ్ళతో పట్టినంత వేయించినది. కుదురునకు 2 గ్రాముల డి.ఎ.పి. చొప్పున, హెక్టారునకు పదివేల కుదుళ్ళైనచో 20 కిలోలే. బీదరైతు కొనగలిగిన పరిమాణము. అయితే ఆ 20 కిలోలలోని నత్రజని 4 కిలోలకు లోపే. పెరిగిన పంట అంతకు మించి నేలనుండి తీయునుగాని తక్కువ తీయదు. కనుక చొప్పయైనను పెంటయైనను చేనికి మరలి రావలెను. ఆ చొప్పయో పశువులకు మేత, ఇంటికి దడి, పొయ్యికి వంటచెరకు.

మన మెట్టరైతులు గొఱ్ఱెలమందను కట్టించుకొనునట్లే, అచ్చటి రైతులును కోతలైన పిమ్మట ఫులానీ పశుపాలకుల మందలను చేలలో నిలుపుకొని, బదులుగా ధాన్య మొసగుదురు. ఆ పేడలోని సారమంతయు, మంద పగలెల్ల మేసిన బీళ్ళనుండి వచ్చినదే.