బరువు తగ్గట్లేదా? ముందు కూరలో నూనె చూసుకోండి!

అన్నం తగ్గించి, రోజూ వాకింగ్ చేస్తున్నా బరువు తగ్గట్లేదా? అయితే నూనె లెక్క చూసుకోండి. గ్రాము పిండిపదార్థం, ప్రోటీన్ ఇచ్చేది 4 కేలరీలే. గ్రాము కొవ్వు మాత్రం 9 కేలరీలు ఇస్తుంది. ఒక్క టేబుల్ స్పూన్ నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. వేపుడులో ఇలాంటివి రెండు ఎక్కువైతే అరగంట నడక వృథానే!

పల్లీ నూనె, సన్‌ఫ్లవర్, ఆలివ్.. ఏదైనా కేలరీలు ఇంచుమించు ఒకటే. అలాగని కొవ్వు పూర్తిగా మానొద్దు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలంటే అది కావాల్సిందే. మొత్తం కేలరీల్లో కొవ్వు వాటా 30 శాతం దాటొద్దన్నది డబ్ల్యూహెచ్‌వో సూచన. అందుకే నూనెను సీసాతో వంపకుండా స్పూన్‌తో కొలిచి వేయండి. షుగర్, గుండె జబ్బులున్నవారు డాక్టర్‌ని అడిగాకే డైట్ మార్చాలి.