ఎర్ర సిరా తగలని నోటుబుక్కు

భద్రాచలం దగ్గర గోదావరి ఎంత ఎత్తున పారుతోందో అడుగుల లెక్కన రోజూ రాసిపెడతారు. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా ఊళ్లో పిల్లలకు ఎక్కాలతో పాటే ఈ మూడంకెలూ నోటికొచ్చేస్తాయి. వానాకాలంలో ఎవరైనా "ఇయ్యాల ఎంతుందంట?" అంటే దేని గురించి అని తిరిగి అడిగేవాళ్లుండరు.

1986 ఆగస్టు 16న ఆ అంకె 75.6. ఇప్పటివరకు నమోదైన వరదల్లో అదే పెద్దది. అప్పటికి ఊరికి కరకట్ట లేదు. నాకు పదేళ్లు.

ఆ ఏడాది వేసవి సెలవుల్లో మా తాతయ్య నాకో వంద పేజీల రూళ్ల నోటుబుక్కు కొనిచ్చాడు. ఆయన రిటైరైన బడిపంతులు. "రోజూ ఐదు లైన్లు రాయరా. ఏం రాశావో నేను చూడను, రాశావా లేదా అన్నదే చూస్తా" అన్నాడు. అన్నట్టుగానే రాత్రి అన్నాలయ్యాక నోటుబుక్కు తెరిచి, లైన్లు లెక్కపెట్టి, మూసేసేవాడు. తప్పులు దిద్దలేదు. బాగుందని కూడా అనలేదు.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆగస్టు 15 పేజీలో ఇలా ఉంది: "జెండా పండగ చెయ్యలేదు. బిళ్లలు ఇవ్వలేదు." మర్నాడు: "పక్కింటి మేక మా డాబా మీద ఉంది. రాత్రంతా అరిసింది. అన్నంలోకి ఉప్పు లేదని అమ్మ అంది. నీళ్లు చూడొద్దని నాన్న అన్నాడు. నేను చూసాను." 75.6 అనే అంకె ఎక్కడా లేదు. అది రాయడానికి పెద్దవాళ్లున్నారు. మేక సంగతి రాయడానికి నేనొక్కణ్నే ఉన్నాను.

స్నేహితులు ఈమధ్య తరచుగా ఓ ప్రశ్న వేస్తున్నారు. పిల్లలతో రోజూ ఏదో ఒకటి రాయించడం, అదీ నలుగురు చదివేలా రాయించడం వల్ల నిజంగా లాభముందా? మార్కులు పెరుగుతాయా, భాష బాగుపడుతుందా? భాష బాగుపడుతుంది, కాదనను. కానీ నాకు తెలిసిన అసలు లాభం వేరే. అది చెప్పాలంటే మా అడవి అంచు చరిత్రలోకి కాస్త వెళ్లాలి.

1860లో నిజాంతో చేసుకున్న ఒప్పందంతో ఇక్కడి గోదావరి ఎడమగట్టు బ్రిటిష్ వాళ్ల చేతికి పోయింది. భద్రాచలాన్ని మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో పెట్టారు. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మార్చారు. 1959లో తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిపోయాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో మా జిల్లా పేరు భద్రాద్రి కొత్తగూడెం అయింది. ఇల్లు కదలకుండానే చిరునామా ఇన్నిసార్లు మారింది. మారిన ప్రతిసారీ ఎవరో ఎక్కడో ఓ కాగితం రాశారు.

మా మనుషుల గురించీ రాశారు. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల ఆచారాల గురించి 1870లలో ఇండియన్ యాంటిక్వెరీ పత్రికకు వ్యాసాలు పంపాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన హైమెన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి రాసిన పెద్ద పుస్తకం 1945లో వచ్చింది. ఇవి విలువైన రాతలే, నేనూ వాటి మీద ఆధారపడతాను. కానీ అన్నీ బయటి నుంచి వచ్చిన పెద్దవాళ్లు చూసి రాసినవి. ఆ గూడేల్లో పదేళ్ల పిల్ల ఆ రోజు ఏం తిన్నదో, దేనికి భయపడ్డదో తన చేత్తో రాసుకున్న పేజీ నేను చదివినవాటిలో ఒక్కటీ లేదు.

ఎందుకు లేదో నాకు మా ఐదో తరగతిలోనే కొంత తెలిసింది. నా పక్కన కూర్చునేవాడిది కూనవరం అవతల, శబరి ఒడ్డున ఓ కోయ గూడెం. హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. ఒకరోజు "మా ఇల్లు" మీద రాయమన్నారు. వాడు "మా ఇంట్లో కుండ నిండా ఏరు ఉంటది" అని రాశాడు. కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. సారు ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "కుండలో ఏరు ఎట్ల పడతదిరా?" అని క్లాసంతటికీ చదివి వినిపించారు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆ తర్వాత వాడు తప్పు రాయలేదు. ఆవు సాధు జంతువు, ఆవు పాలు ఇచ్చును, ఇలా కచ్చితంగా తెలిసిన వాక్యాలే రాసేవాడు. మంచి మార్కులే వచ్చేవి. తన ఇంటి గురించి మాత్రం మళ్లీ రాయలేదు.

2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతులకు వాచకాలు తయారుచేసే పథకం మొదలుపెట్టింది. వాటిలో కోయ ఒకటి. తెలుగు లిపిలోనే, కోయ మాటలతో. నీళ్ల కుండ బొమ్మ కింద "ఏరు" అని రాయడం తప్పు కాదని పుస్తకమే ఒప్పుకునే రోజు వచ్చింది. మావాడికి అది పద్దెనిమిదేళ్లు ఆలస్యం.

ఈ సమస్య మా ఒక్కళ్లదే కాదు. న్యూజిలాండ్‌లో మావోరీ పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్, ఇంగ్లీషు వాచకాలు వాళ్ల తలకెక్కడం లేదని గమనించి, "నీకు ఏ మాట కావాలి?" అని ఒక్కొక్కర్నీ అడిగి, వాళ్లు చెప్పిన మాటనే అట్ట మీద రాసిచ్చేది. భయాలూ ఇష్టాలూ మాటలై వచ్చాయి. అవే వాళ్ల మొదటి వాచకం. ఆ అనుభవాలతో ఆమె పుస్తకం 1963లో వచ్చింది. ఫ్రాన్స్‌లో సెలెస్తాఁ ఫ్రెనే మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తికి దెబ్బ తగిలిన బడిపంతులు. గంటల తరబడి పాఠం చెప్పే ఓపిక లేదు. 1924లో తరగతి గదిలోకి చిన్న అచ్చుయంత్రం తెచ్చాడు. పిల్లలు తమ ఊరి సంగతులు రాసి, తామే అక్షరాలు పేర్చి అచ్చేసి, వేరే ఊరి బడికి పంపేవాళ్లు. అక్కడి పిల్లలు తమవి పంపేవాళ్లు. తన ఊరి సంగతి తెలియని మరో పిల్లవాడు చదువుతాడంటే, అర్థమయ్యేలా రాయాలన్న పట్టుదల ఎవరూ చెప్పకుండానే వస్తుంది.

మనకూ ఉదాహరణ ఉంది. భద్రాచలం దాటిన నీళ్లు కిందికి వెళ్లి ధవళేశ్వరం చేరతాయి. ఆ ధవళేశ్వరంలో 1931లో పుట్టిన ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ, 1945లో రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు నడిపిన "బాల" పత్రికలో అచ్చయింది. అప్పటికి ఆయన బడి పిల్లాడు. ఆ ఉత్సాహంతో స్నేహితుణ్ని బొమ్మలకు కూర్చోబెట్టుకుని "ఉదయభాను" అని సొంత పత్రిక పెట్టాడు. అమ్మగా వచ్చిన డబ్బుతో సైక్లోస్టైల్ మిషను కొన్నారు. అందరు పిల్లలూ ముళ్లపూడి అవుతారని కాదు. పద్నాలుగేళ్లవాడి రాతను పెద్దవాళ్లు అచ్చువేసి, నలుగురికి చూపించిన ఇల్లొకటి అప్పట్లోనే ఉందని. మా అడవి పిల్లలకు ఆ ఇల్లు దొరకలేదు.

అందుకే నేను చెప్పే లాభాలు చిన్నవి. రాత్రికి ఐదు లైన్లు రాయాలని తెలిసిన పిల్ల పగలంతా కొంచెం ఎక్కువ చూస్తుంది. రోజూ రాస్తే తెల్ల కాగితమంటే భయం పోతుంది. ఏడాది తర్వాత తిప్పి చూసుకుంటే తను ఎంత మారిందో తనకే తెలుస్తుంది, ఇంకొకరు మార్కులేసి చెప్పక్కర్లేదు. చదివేవాళ్లు నలుగురున్నా చాలు, ఎవరు చదువుతున్నారో పెద్దవాళ్లకు తెలిసుంటే ఇంకా మంచిది. వీటన్నిటికీ ఓ షరతుంది: రోజువారీ రాతలో ఎర్ర సిరా ఉండకూడదు. దిద్దడానికి పరీక్ష పేపర్లున్నాయి.

2022 జూలైలో గోదావరి మళ్లీ 71.3 అడుగులకొచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు మా పాత బెంచీవాడు భద్రాచలం బస్టాండులో కనిపించాడు. వాళ్ల గూడెం పోలవరం ముంపులో ఉంది. ఇంటికి తీసుకెళ్లి నా నోటుబుక్కు చూపించాను. మేక దగ్గరికొచ్చేసరికి నవ్వాడు. తర్వాత కాసేపు మాట్లాడలేదు.

"మాయి ఐదు మేకలు పోయినయి రా. నేను హాస్టల్ల ఉన్న. ఇంటికి పోయినంక మా అయ్య దొడ్డి చూపిచ్చిండు" అన్నాడు.

ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఇన్నేళ్లలో ఆ సంగతి నాకు తెలియదు. వాడు వెళ్లాక, తేదీ వేసి, వాడన్న మాటలు వాడన్నట్టే రాసిపెట్టుకున్నాను. కానీ అది పదేళ్లప్పుడు వాడి నోటుబుక్కులో, వాడి భాషలో ఉండాల్సిన పేజీ. ఊరు మునిగాక ఇక ఆ దొడ్డి ఎక్కడుండేదో చూపించడానికి కూడా ఉండదు.