ఓడ ప్రక్కనున్న గీత

గ్రామపెద్దలారా,

చెరువులో గులకరాయి వేసినచో మునిగిపోవును. నలుగురు మోయలేని మానుదుంగ తేలును. ఇనుపమేకు మునుగును గాని, వేల టన్నుల ఇనుముతో కట్టిన ఓడ సముద్రముపై సాగిపోవుచున్నది. బరువొక్కటే కారణమైనచో ఇట్లు జరుగదు గదా! ఈ సంశయము తీరిన వృత్తాంతమును, తీరిన పిమ్మటను మనుష్యులు దానిని లక్ష్యపెట్టక ప్రాణములు బలియిచ్చిన వృత్తాంతమును నేడు మీకు మనవి చేసెదను.

క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున సిసిలీ ద్వీపమందలి సిరక్యూసు నగరములో ఆర్కిమిడీసు అను గణితవేత్త యుండెను. తేలెడి వస్తువులను గూర్చి ఆయన రెండు భాగముల గ్రంథము వ్రాసెను. దాని సారమిది: నీటిలో దిగిన ప్రతి వస్తువును కొంత నీటిని ప్రక్కకు త్రోయును. ఆ నీటి బరువెంతయో అంత బలముతో నీరు ఆ వస్తువును పైకి నెట్టును. తన బరువునకు సరిపోవు నీటిని త్రోయగలిగినది తేలును. పూర్తిగా మునిగినను అంత నీటిని త్రోయలేనిది అడుగంటును. బావిలో నిండుబిందె నీటిలో నున్నంతవరకు తేలికగా వచ్చి, పైకి రాగానే చేతులను లాగుట మీరెరిగినదే. దానికి కారణ మిదియే.

ఖాళీ ఇత్తడిగిన్నెను నీటిపై నుంచి, అందులో కొంచెము కొంచెముగా ఇసుక పోసి చూడుడు. పోసినకొలది దిగును. అంచు నీటికి సమమైన పిమ్మట చిన్న అలయైనను చాలును, గిన్నె మునిగిపోవును. ఓడయు నట్టిదే.

పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో కొందరు ఓడల యజమానులు ఈ సంగతి తెలిసియు మితిమీరి సరకు నింపుచుండిరి. ఓడకు బీమా యుండెను గనుక మునిగినను వారి సొమ్ము వారికి వచ్చుచుండెను. నావికుని భార్యాబిడ్డలకు మాత్రము దిక్కు లేదు. ఒడంబడికపై సంతకము చేసి, పిదప ఓడ నెక్కనన్న నావికుని చెరసాలకు పంపుచుండిరి.

శామ్యూల్ ప్లిమ్సాల్ అను పార్లమెంటు సభ్యుడు దీనిని సహింపలేక 1873లో నావికుల దుస్థితిని గూర్చి పుస్తకము ప్రకటించెను. 1875లో ప్రభుత్వము ఓడల బిల్లును వాయిదా వేయగా, ఆయన నిండుసభలో ఆగ్రహముతో ఎలుగెత్తెను. దేశము కదలినది. 1876లో ప్రతి ఓడ ప్రక్కను బరువు హద్దు తెలుపు గీత యుండవలెనని శాసన మయ్యెను. కాని గీత ఎచ్చట నుండవలెనో నిర్ణయించుట యజమానికే వదలిరి! 1890లో గాని ఆ లోపము తీరలేదు. 1930లో అనేక దేశము లీ నియమమున కొడంబడినవి.

విశాఖపట్టణపు రేవులో ఓడ ప్రక్కను నేనా గుర్తును చూచితిని: ఒక వలయము, దాని నడుమగా ఒక అడ్డగీత. ప్రక్కనే మరికొన్ని గీతలు గలవు. వేయి లీటర్ల మంచినీరు సుమారు 1000 కిలోలు తూగగా, సముద్రపునీరు సుమారు 1025 కిలోలు తూగును. అందుచే నదిలో ఓడ కొంత లోతుగా దిగి, సముద్రము చేరగానే పైకి లేచును. ఆ భేదమునకును వేరొక గీత గలదు.

మన ఏటిపడవలకును ఈ న్యాయమే. పడవవాడు "ఇక చాలు" అన్నప్పుడు, ఇంకొక్కరిని ఎక్కించుకొమ్మని ఎవరును వానిని నిర్బంధింపకుండ చూడుడు. మీ మాట ఊరిలో చెల్లును గనుక ఈ విన్నపము మీకే చేయుచున్నాను.