రాచపుండు: పరిచర్య చరిత్ర

తెలుగునాట పెద్దలు క్యాన్సరును రాచపుండు అనేవారు. ఆ పేరు పెదవి దాటనీయడానికే జంకేవారు. భయంవల్ల వ్యాధిని దాచడం, దాచినందువల్ల చికిత్సకు వేళ మించిపోవడం: ఈ వ్యాధి చరిత్రలో సగం ఇదే. నర్సు విద్య నేర్చుకొంటున్న మన బిడ్డలు ఈ చరిత్రను ఎరిగి ఉండాలని మా అభిప్రాయం.

మన దేహంలోని జీవకణాలు అవసరమైన మేరకు పెరిగి ఆగుతాయి. ఆ కట్టుబాటు తప్పిన కణాలు అదుపులేక పెరిగి, పక్క భాగాలలోకి చొచ్చుకొని, రక్తంద్వారా దూరాన ఉన్న అవయవాలకు సైతం పాకడమే క్యాన్సరు. రోగిని తాకినంత మాత్రాన ఇది అంటదు.

చిరకాలం వైద్యుని చేతిలో కత్తి ఒక్కటే ఆయుధం. 1895లో రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను, 1898లో క్యూరీ దంపతులు రేడియంను కనుగొన్నారు. ఆ 1895లోనే భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మూడవ ఆయుధానికి కారకులయ్యారు. అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో వారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందును బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరుతో బాధపడే పిల్లలకిచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. దానికి దగ్గరిదైన మెథోట్రెక్సేటు నేటికీ వాడుకలో ఉన్నది.

అయితే మందు పుట్టినంత మాత్రాన మాచర్లకు, గురజాలకు చేరలేదు. 1954లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషివల్ల మద్రాసు అడయారులోను, 1955లో హైదరాబాదులోను క్యాన్సరు ఆసుపత్రులు వెలిశాయి. పల్నాటి రోగికి రెండూ దూరమే. 2020లో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో క్యాన్సరు కేంద్రం ఏర్పడి ఆ దూరాన్ని తగ్గించింది.

ఆయుధం మారినప్పుడల్లా నర్సు బాధ్యత పెరుగుతూనే వచ్చింది. కిరణాలు పడిన చర్మాన్ని రుద్దకుండా కాపాడాలి. మందు క్యాన్సరు కణాలతోపాటు రక్తాన్ని పుట్టించే మజ్జను, నోటి లోపలి పొరను కూడా దెబ్బతీస్తుంది. కనుక నోటిపూతను, జ్వరాన్ని ముందుగా గమనించవలసినది ఆమెయే. అటువంటి రోగికి జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగరాదు. వెంటనే వైద్యునికి తెలపాలి. బాధ ముదిరేదాకా వేచి ఉండక, వేళ ప్రకారం నొప్పికి మందివ్వాలని 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

వీటన్నిటికంటె ముందు చేయవలసిన పరిచర్య మరొకటి ఉన్నది. నరసరావుపేట ఆసుపత్రికి వచ్చిన తల్లి, రొమ్ములో గడ్డ సంగతి, ముట్లుడిగాక కనిపించిన రక్తస్రావం సంగతి, మూడు వారాలైనా మానని నోటిపుండు సంగతి వైద్యునితో చెప్పలేక నర్సు చెవిలో చెప్పవచ్చును. ఆ మాట ఆనాడే వైద్యునికి చేరిందా, కత్తికీ, కిరణానికీ, మందుకూ పనిచేసే వ్యవధి దొరుకుతుంది.